మలుపు దగ్గర గ్లాసుడు నీళ్లు

మార్చి 3, సోమవారం

ఈ డైరీ ఏదో మందుల కంపెనీ వాళ్లది. జనవరిలో ఒక కస్టమరు ఇచ్చిపోయాడు. జనవరి, ఫిబ్రవరి పేజీలు చింపి కత్తికి అంటిన నురగ తుడుచుకున్నాను. ఇవాళ మార్చి పేజీ చింపబోయి ఆగాను. ఇంత తెల్ల కాగితం, గీతలు కూడా కొట్టి ఇచ్చారు పాపం. ఏడో తరగతి తప్పి బడి మానేసినవాణ్ణి, నాకేం రాయడానికుంటుందని అనుకున్నాను. కూర్చుని ఆలోచిస్తే చాలానే ఉంది. ఎవరితోనూ అనలేనిది ఇంకా ఎక్కువుంది.

మధ్యాహ్నం రెండు గంటలు. సెలూన్ ఖాళీ. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, నేను. గుమ్మం ముందు పట్టాలు.

అది పెద్ద రైలు కాదు, వీధిలో నడిచే రైలు. పేపరువాళ్లు ట్రామ్ అని రాస్తారు, మా వీధివాళ్లం బండి అంటాం. పన్నెండు నిమిషాలకొకటి వస్తుంది. మా సెలూన్ దగ్గర వీధి మోచెయ్యిలా వంగుతుంది. ఆ వంపులో నా గుమ్మానికీ బండికీ మధ్య రెండు చేతుల దూరం. దాటగానే స్టాపు. రాళ్లు పరిచిన నేలలో పట్టాలు ఎంత సున్నితంగా దిగాయంటే, తోపుడుబండి మీద కూరలమ్మేవాడు చూడకుండానే వాటిని దాటేస్తాడు. రెండు పట్టాల మధ్య గడ్డి. ఆ గడ్డిలో వీధి కుక్క పడుకుంటుంది. గంట వినపడితే అవతలి లైనుకి మారి మళ్లీ పడుకుంటుంది. ఏ లైను మీద ఎప్పుడు బండొస్తుందో దానికి తెలిసినంత మా బావమరిదికి కూడా తెలియదు, వాడు బండ్ల ఆఫీసులోనే గుమాస్తా.

పట్టాలు వేసే రోజుల్లో అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. ఏడాదిన్నర అయింది. ఇప్పుడు బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి తొంగి చూస్తున్నాను. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

గడ్డం గీయడంలో కష్టమంతా దవడ మలుపు దగ్గరే. తొందరపడితే తెగుతుంది, భయపడితే నాలుగు వెంట్రుకలు మిగిలిపోతాయి. ఆ డ్రైవర్లకి నా కష్టం తెలిసినట్టుంటుంది. మలుపు ముందు రెండు గంటలు కొట్టి, ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదించి, అంత పొడుగు ఒంటినీ ఒక్క గీతలా తిప్పేస్తారు. నా గుమ్మం మీద ఒక్క గీటు పడలేదు ఇప్పటిదాకా.

మార్చి 4, మంగళవారం

ఇవాళ కొత్త కస్టమరు దొరికాడు. గ్లాసు ఆట ఆడాను.

అద్దం కింద బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెడతాను. కస్టమరు మెడ వెనక్కి వాల్చాక, దూరంగా గంట వినపడగానే కత్తి ఆపి, "అన్నా, గ్లాసు చూస్తూ ఉండు" అంటాను. బండి గుమ్మం ముందుకి రాగానే బల్ల కింద మోకాలితో ఒక్క పోటు. నీళ్లు ఎగిరి పడతాయి. కస్టమరు కుర్చీ చేతులు పట్టుకుంటాడు. "భయపడకు, గోడ ఇంకా రెండు మూడేళ్లు నిలుస్తుంది" అంటాను. ఇవాళ వాడు మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలోకి పరిగెత్తాడు. ఒక పక్క గడ్డం, ఒక పక్క నురగ. బండిలో కిటికీ దగ్గరవాళ్లంతా వాణ్ణి చూసి నవ్వారు. డ్రైవరమ్మ కూడా నవ్వింది.

ఈ ఆట నాలుగు నెలలుగా నడుస్తోంది. మొదటిసారి ఎందుకు ఆడానో గుర్తు లేదు.

పెన్ను బాగోలేదు. అక్షరాలు వంకర పోతున్నాయి.

మార్చి 6, గురువారం

మాష్టారు రోజు. మంగళ, గురు, శనివారాలు పది నలభై బండికి దిగుతారు.

ఏడో తరగతిలో నన్ను లెక్కల్లో తప్పించిన మనిషి ఈయనే. నలభై మార్కులకి మూడు వేశారు. "ఆ మూడూ దేనికి మాష్టారూ?" అని ఇప్పటికీ అడుగుతాను. "పేరు సరిగ్గా రాశావు కదరా" అంటారు. ఇప్పుడు ఆయన పీక నా కత్తి కింద ఉంటుంది. "మూడు మార్కుల సంగతి గుర్తుందా మాష్టారూ?" అంటూ కత్తి తోలు పట్టీ మీద రెండుసార్లు సాన పడతాను. "గుర్తుంది కాబట్టే కళ్లు తెరుచుకుని కూర్చున్నా" అంటారు.

ఆయన కాళ్లు పడిపోయి ఆరేళ్లు. నాలుగున్నరేళ్లు ఇంటి గది దాటలేదు. నేనే పెట్టె పట్టుకుని వెళ్లి గీసి వచ్చేవాణ్ణి. కిటికీ దగ్గర మంచం, గోడ మీద పాత టైంటేబులు. నేను వెళ్లగానే "వీధిలో ఏం జరుగుతోందిరా" అని అడిగేవారు. నేను సగం నిజం, సగం కల్పించి చెప్పేవాణ్ణి. ఆయనకీ తెలుసు.

బండొచ్చాక ఒకనాడు గుమ్మంలో చక్రాల కుర్చీ కనపడింది. ఎవరూ నెట్టడం లేదు, ఆయనే. బండి నేల, స్టాపు అరుగు ఒకే ఎత్తు. తలుపు తెరుచుకుంటే మధ్యలో బొటనవేలంత సందు, అంతే. దొర్లించుకుంటూ లోపలికి, దొర్లించుకుంటూ బయటికి. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయి, "ఒరేయ్, మీ వీధి గురించి నువ్వు చెప్పినవన్నీ అబద్ధాలేరా" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం "వారం వారం ఇంటికొచ్చే బాధ తప్పింది" అన్నాను. నోరు అలాంటిది.

మార్చి 8, శనివారం

బ్యాంకాయనకి చెవి కింద తెగింది. చిన్నదే. పటిక రాశాను. బండి వచ్చింది, నేల అదిరింది, చెయ్యి జారింది. ఆయనకి అదే చెప్పాను.

అదిరింది.

మార్చి 11, మంగళవారం

ఈ మధ్య మా ఆవిడ టీ సగం కప్పే పోస్తోంది. ఇరవై నాలుగేళ్లుగా నిండుగా పోసిన మనిషి. "పాలు కరువొచ్చిందా?" అన్నాను. "రెండుసార్లు పోస్తాగా, తాగు" అంది. పిసినారితనం వయసుతో వస్తుంది కాబోలు.

ఆవిడ ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పని చేస్తుంది. ఆరున్నర బండి. మా గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే దూరంగా గంట మోగుతుంది, చివరి పట్టీ పెట్టుకునేసరికి తలుపు తెరుచుకుంటుంది. పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. అంతకు ముందు రెండు బస్సులు మారేది, ఇంటికొచ్చాక మాటకి మాట విసిరేది. ఇప్పుడు కిటికీ దగ్గర సీటు దొరికితే ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతుంది, బహుమతి వచ్చినట్టు.

నేను మాత్రం ఇంతవరకూ ఆ బండి ఎక్కలేదు. ఎక్కడికి వెళ్లాలి? కొట్టు ఇక్కడ, ఇల్లు పైన.

మార్చి 12, బుధవారం

పక్క కొట్టు అద్దాలాయన దగ్గర ఇవాళ నిలువెత్తు అద్దం ఒకటి పగిలింది. మనిషి పొడుగు, కొలత తీసి చేయించింది. గోడకి ఆనించి తాడు కట్టాడు, బండి వెళ్తుండగా జారి పడింది. ఆ చప్పుడుకి నా కస్టమరు కుర్చీలోంచి లేచిపోయాడు.

అద్దాలాయన మంచివాడే. నన్ను బావా అంటాడు, నేనూ బావా అంటాను. ఏ చుట్టరికమూ లేదు, ఇద్దరం ఒకే కుళాయి దగ్గర నీళ్లు పడతాం. అద్దం ముక్కలు ఏరుతూ, "చూశావా బావా, నీ గ్లాసు సంగతి ఇన్నాళ్లూ వేళాకోళం అనుకున్నా. నిజంగానే వీధంతా అదురుతోంది" అన్నాడు.

నేను చీపురు పట్టుకుని ఉన్నాను. ఆ నిమిషంలో చెప్పి ఉండొచ్చు.

"అవును బావా" అన్నాను.

మార్చి 15, శనివారం

వాన. వానలో బండిని చూడాలి. రాళ్లన్నీ నల్లగా మెరుస్తాయి, పట్టాలు రెండూ ఇప్పుడే గీసిన గడ్డంలా నున్నగా. బండి దీపం పెట్టుకుని వస్తుంటే వీధి రెండుగా కనపడుతుంది, పైన ఒకటి, నీళ్లలో ఒకటి. బండి నెత్తి మీద ఇనప మడత చెయ్యి ఒకటి కరెంటు తీగని పట్టుకుని ఉంటుంది. అప్పుడప్పుడు అక్కడ చిటుక్కుమని నీలం మెరుపు. కిటికీల్లో తలలు. నాకు మొహాల కంటే తలలు బాగా గుర్తుంటాయి. పదకొండు పదహారు బండిలో మూడో కిటికీ దగ్గర చదువుకునే ఆయన ఉన్నాడు. వెనక జుట్టు మెడ దిగింది. నెల నుంచి చూస్తున్నాను, దిగి లోపలికి రాడు. ఇవాళ గుమ్మంలో నిలబడి కత్తెర ఆడించి చూపించాను. తల తడుముకున్నాడు.

వానలో గొడుగులన్నీ స్టాపు దగ్గర ఒక్కసారి ముడుచుకుంటాయి, తలుపు మూసుకోగానే దిగినవాళ్ల గొడుగులు ఒక్కసారి విచ్చుకుంటాయి. ఎవరూ ఎవర్నీ తొయ్యరు. మా వీధివాళ్లు ఇంత మర్యాదస్తులని బండొచ్చేదాకా నాకు తెలియదు.

అద్దాలాయన కాగితం పట్టుకొచ్చాడు. అర్జీ. మలుపు దగ్గర బండి బ్రేకు వేసి ఆగడం వల్లే అదురుతోందట. స్టాపు ఇక్కణ్ణించి ఎత్తేసి పైన పెద్ద రోడ్డు దగ్గర పెట్టాలట. "మొదటి సంతకం నీదే బావా. రోజూ కళ్లారా చూసేది నువ్వు కదా."

రేపు చూద్దాం అన్నాను.

మార్చి 16, ఆదివారం

సంతకం పెట్టాను.

పెట్టక ఏం చేయాలి? ఒక చెవి, ఒక గడ్డం, నిన్న సాయంత్రం ఇంకో మెడ. నేల అదరకపోతే అవన్నీ ఎందుకు తెగుతాయి? అర్జీలో కూడా రాశాడు, "క్షవరం చేయించుకునేవారికి గాయాలగుచున్నవి" అని. అచ్చులో పడినంత నమ్మకంగా ఉంది.

నా సంతకం నాకే కొత్తగా కనిపించింది. పెన్ను మార్చాలి. ఇది కూడా బాగోలేదు.

మార్చి 18, మంగళవారం

పెద్ద రోడ్డు స్టాపుకి వెళ్లాలంటే ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కాలి. ఇవాళ ఊరికే లెక్కపెట్టి వచ్చాను.

మార్చి 20, గురువారం

ఏదో ఒకటి రాసి పేజీ నింపేద్దామనుకున్నాను. నింపలేను. జరిగింది రాస్తాను.

మాష్టారు పది నలభైకి దిగారు. నురగ పెట్టాను. ఆయన పేపరులో ఎవరో మంత్రి లెక్క తప్పు చెప్పాడని తిడుతున్నారు. దవడ మలుపు దగ్గరికి వచ్చాను, ఎడమ వైపు. తెగింది. ఇంతవరకూ ఆయనకి ఒక్కసారి తెగలేదు. ఇంటికి వెళ్లిన రోజుల్లో కూడా.

నురగలో ఎరుపు కనపడగానే నా నోరు దానంతటదే అంది, "పాడు బండి, నేల అదిరింది మాష్టారూ."

ఆయన పేపరు మడిచారు. అద్దంలోంచి నా వైపు చూశారు.

"నేను దిగిన బండి పది నలభై. ఇప్పుడు పది నలభై ఏడు. ఇంకో బండికి ఎంత టైముందిరా?"

పటిక కోసం డ్రాయరు లాగాను.

"పన్నెండులోంచి ఏడు తీసెయ్యి."

"అయిదు."

"ఇది కరెక్టుగా చెప్పావు" అన్నారు. పటిక రాయించుకున్నారు. మిగతా సగం గడ్డం కూడా గీయమని మెడ వాల్చారు. కళ్లు మూసుకున్నారు. ఎప్పుడూ తెరుచుకుని కూర్చునే మనిషి.

ఎలా గీశానో నాకు తెలుసు. రెండు చేతులతో కత్తి పట్టుకుని గీశాను.

మార్చి 21, శుక్రవారం

రాయడానికేం లేదు.

మార్చి 22, శనివారం

మాష్టారు వస్తారని పది నలభై దాకా చూశాను. దిగారు. మామూలుగానే మాట్లాడారు. "ఇవాళ మెషీనుతో కానియ్యరా, కత్తికి సెలవియ్యి" అన్నారు. అర్జీ సంగతి ఆయనకింకా తెలియదు.

ఆయన వెళ్లాక గ్లాసు బల్ల మీద పెట్టి, మోకాలు దూరంగా జరిపి, వరసగా నాలుగు బండ్లు చూశాను. నీళ్లు కదలలేదు. నాలుగోసారి బండి వెళ్తుంటే డ్రైవరమ్మ అద్దంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. గ్లాసు ముందు కూర్చుని ఏం చేస్తున్నాననుకుందో.

అప్పుడు గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

మొదటిసారి మోకాలితో బల్లని ఎందుకు పొడిచానో ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తు లేకపోవడమేంటి, ఎప్పుడూ గుర్తుంది. నవంబరులో ఒకాయన గడ్డం గీస్తుంటే వేళ్లు వాటంతటవే ఆడాయి. ఆయన కంటబడింది. సరిగ్గా అప్పుడే బండొచ్చింది, దేవుడు పంపినట్టు. మోకాలు ఎత్తాను.

మార్చి 27, గురువారం

బండ్ల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏప్రిల్ ఒకటిన ఇంజనీరు వచ్చి కొలుస్తారట. గోడకి అంటించి వెళ్లారు. వీధంతా చదివారు. మాష్టారూ చదివారు. స్టాపు ముందే అంటించారు మరి.

లోపలికి వచ్చి, "స్టాపు ఎత్తేస్తారట కదరా" అన్నారు. "మొదటి సంతకం ఎవరిదో వంకరగా ఉందట. ఆఫీసువాళ్లు పోల్చుకోలేకపోయామన్నారు."

"ఎత్తెయ్యరులెండి" అన్నాను.

"ఎత్తేస్తే నువ్వే ఇంటికి రావాల్సి ఉంటుంది మళ్లీ. వీధి కబుర్లు ఏవో చెప్పాలి. అబద్ధాలు బాగానే చెబుతావు, నాకు అలవాటే."

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు తిరిగి అనేవాణ్ణి.

మార్చి 30, ఆదివారం

మా ఆవిడ బటన్లు పెట్టింది. నేను తొడుక్కున్న చొక్కాకి. నేను అడగలేదు, ఆవిడ కూడా ఏమీ అనలేదు. పెట్టేసి వెళ్లి అన్నం వండింది.

చెప్పేస్తే రేపటి నుంచి ఎవడు మెడ వాలుస్తాడు? ఇరవై తొమ్మిదేళ్ల పని. చెప్పకపోతే ముప్పై ఎనిమిది మెట్లు. ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఈ లెక్కకీ మూడు మార్కులే వచ్చేట్టున్నాయి.

ఏప్రిల్ 1, మంగళవారం

రోజంతా ఇక్కడ రాయాలి. తెల్లారి మర్చిపోయినట్టు నటిస్తానేమో, నాకు నా మీద నమ్మకం లేదు.

ఇంజనీరమ్మ పదింటికి వచ్చింది. చిన్న వయసు, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది, ఎవరో చెయ్యి తిరిగినవాళ్లు చేసిన పని. టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి తెచ్చి కుర్చీ పక్కన నేల మీద పెట్టింది. అందులోంచి తీగ లాగి చేతిలోని పలకలాంటి స్క్రీనుకి తగిలించింది. దాని మీద పచ్చ గీత. గుమ్మంలో అద్దాలాయన, కూరలాయన, బ్యాంకాయన, ఇంకో పదిమంది. కుక్క కూడా వచ్చింది.

పది పదహారు బండి వెళ్లింది. పచ్చ గీత కొంచెం గరుకుగా అయి మళ్లీ సాఫీ అయింది.

"ఇంతేనండీ" అంది ఇంజనీరమ్మ. "మీరు కుర్చీలోంచి లేస్తే ఇంతకంటే ఎక్కువ కదులుతుంది."

"అదెలాగమ్మా?" అన్నాడు అద్దాలాయన. "మేమంతా కళ్లారా చూశాం. గ్లాసులో నీళ్లు ఎగిరి పడతాయి. బావా, గ్లాసు పెట్టు!"

నీళ్లు నిండుగా పోసి బల్ల మీద పెట్టారు, నేను కాదు, బ్యాంకాయన పెట్టాడు. ఇంజనీరమ్మ వంగి చూసింది. "నీళ్లు ఎగిరితే మాత్రం సంగతి వేరు. గోడలోనే ఏదో ఉన్నట్టు. పెద్ద మిషను తెప్పించాలి. రిపోర్టు వచ్చేదాకా స్టాపు మూసేస్తాం, ఆరు నెలలు పట్టొచ్చు."

అందరూ గ్లాసు చూస్తున్నారు. నేను నా చోట్లో నిలబడి ఉన్నాను. కుర్చీకీ బల్లకీ మధ్య, ఎప్పుడూ నిలబడే చోటు. మోకాలు చెక్కకి నాలుగు వేళ్ల దూరం. ఒక్క పోటు చాలు. ఆరు నెలలు ఎవరూ నా చెయ్యి వంక చూడరు.

పది ఇరవై ఎనిమిది బండి వచ్చి వెళ్లింది. నేను కదలలేదు. నీళ్లూ కదలలేదు.

"ఇదేంటి?" అన్నాడు అద్దాలాయన. "ఇంకో బండి చూడండమ్మా. ఒక్కోసారి అలా అవుతుంది."

ఇంజనీరమ్మ గడియారం చూసుకుని సరేనంది. పన్నెండు నిమిషాలు. ఇంత పొడుగు పన్నెండు నిమిషాలు నేను చూడలేదు. అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, నాకేమీ వినపడలేదు. తర్వాత దూరంగా గంట, రెండుసార్లు. మలుపులోకి బండి ముందు అద్దం వచ్చింది, తర్వాత ఒళ్లంతా, ఒక్క గీతలా. నా గుమ్మం దాటి స్టాపులో ఆగింది. తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీ ముందు చక్రాలు సందు దాటాయి.

పది నలభై.

మోకాలు వెనక్కి తీసుకున్నాను. చెయ్యి ఎత్తి చెప్పాను, "అదిరింది బండి కాదండీ. నేను. మోకాలితో పొడిచేవాణ్ణి."

ఇంజనీరమ్మ తల ఎత్తి నా మోకాలి వంక చూసింది. తర్వాత కూరలాయన పగలబడి నవ్వాడు. "ఇవాళ ఒకటో తారీఖురోయ్! ఫూల్ చేస్తున్నాడు!" అందరూ అందుకున్నారు. అద్దాలాయన నా వీపు మీద చరిచి, "ఇంజనీరుగారి ముందు కూడా వేళాకోళమేనా బావా!" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారి నిజం చెప్తే ఇదీ వరస.

బల్లకి ఒక్క పోటు పొడిచాను. నీళ్లు ఎగిరి బ్యాంకాయన చొక్కా మీద పడ్డాయి. బండి అప్పటికి వెళ్లిపోయింది.

నవ్వు ఆగింది. ముందు బ్యాంకాయనకి అర్థమైంది. చెవి కింద చెయ్యి పెట్టుకున్నాడు, అక్కడింకా గీత ఉంది. "మరి ఇది? దీనికి కూడా మోకాలేనా?"

ఏదో ఒక జోకు వెయ్యొచ్చు. నాలిక మీద నాలుగున్నాయి కూడా. కూజాలోంచి గ్లాసు మళ్లీ నింపాను. కుడి చెయ్యి చాపి పట్టుకున్నాను. బండి లేదు, గంట లేదు, వీధి నిశ్శబ్దంగా ఉంది. గ్లాసు అంచు దాటి నీళ్లు నేల మీద పడుతున్నాయి. టప్, టప్. ఇంజనీరమ్మ పెట్టె మీద కూడా రెండు చుక్కలు పడ్డాయి.

"చెయ్యి కూడా భలే ఆడిస్తున్నాడే" అన్నాడు కూరలాయన వెనక నుంచి.

"నవ్వకండి" అన్నారు మాష్టారు, గుమ్మంలోంచి.

ఇంజనీరమ్మ వచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. కాగితం మీద ఏదో రాసుకుంది. "స్టాపు ఇక్కడే ఉంటుంది. ఇంకేమీ రాయనవసరం లేదు" అంది. వెళ్తూ వెళ్తూ, "మా నాన్నకీ ఇలాగే ఉంటుందండీ. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మందులున్నాయి" అంది.

అద్దాలాయన నా వంక చూడకుండా వెళ్లిపోయాడు. అందరూ ఒక్కొక్కరే వెళ్లారు. మాష్టారు మాత్రం కుర్చీ దొర్లించుకుంటూ అద్దం ముందుకి వచ్చారు.

"మెషీను తియ్యరా."

"ఇవాళ వద్దులెండి మాష్టారూ."

"మెషీనుకి చెయ్యి వణికితే జుట్టు రెండుసార్లు తెగుతుంది, అంతేగా. తియ్యి. బండెక్కి వచ్చాను."

గీశాను. ఎడమ చెంప మీద నాలుగు వెంట్రుకలు మిగిలాయి. చెంప తడుముకుని డబ్బులు బల్ల మీద పెట్టారు. ఆయన మార్కులు వెయ్యకపోవడం ఇదే మొదలు.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. వినేసి లేచి, బియ్యం డబ్బా కింది నుంచి ఆసుపత్రి చీటీ తీసింది. నా పేరు, ఏప్రిల్ అయిదో తారీఖు, ఉదయం తొమ్మిదిన్నర. రాయించిన తేదీ చూశాను. మార్చి పన్నెండు. అంటే సగం కప్పు సంగతి నేను అడిగిన మర్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఒప్పుకుంటావా? పెన్ను బాగోలేదంటావు."

ఈ డైరీ ఎక్కడ దాచాలో ఆలోచించాలి.

ఏప్రిల్ 3, గురువారం

అద్దాలాయన కుళాయి దగ్గర కనపడ్డాడు. నా బిందె నిండేదాకా ఉలకలేదు, పలకలేదు. తర్వాత, "ఆ రోజు తాడు నేనే సరిగ్గా కట్టలేదు బావా" అన్నాడు. బిందె కూడా తనే ఎత్తి గుమ్మం దాకా తెచ్చి పెట్టాడు.

సెలూన్‌కి నిన్నా ఇవాళా ఆరుగురు వచ్చారు. అందరికీ కత్తిరింపే. కత్తి డ్రాయరులో పెట్టేశాను. మూడో కిటికీ ఆయన ఇవాళ దిగాడు. నేను కత్తెర ఆపి ఆపి ఆడిస్తుంటే, "తొందరేం లేదండీ, పన్నెండు నిమిషాలకో బండుంది" అన్నాడు.

ఏప్రిల్ 5, శనివారం

బండెక్కాను.

మా ఆవిడకి ఇవాళ సెలవు, కొట్టు తను చూస్తానంది. మాష్టారు ఎనిమిది యాభై రెండు బండికే దిగి, "పద, ఆ ఆసుపత్రి నాకు బాగా తెలుసు, నేను తీసుకెళ్తా" అన్నారు. చక్రాల కుర్చీ మనిషి నడిచే మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లడం చూసి స్టాపులో ఒకామె నవ్వు ఆపుకుంది. "పెద్దాయనకి కళ్లు కనపడవమ్మా, నన్ను పట్టుకుని వస్తున్నారు" అన్నాను. మాష్టారు పేపరు చుట్టి నా చేతి మీద ఒకటి వేశారు.

తొమ్మిది నాలుగు బండి. తలుపు తెరుచుకుంది. బొటనవేలంత సందు. దాటాను. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. నిలువు కడ్డీ పట్టుకున్నాను. చెయ్యి దాని మీద బిగిస్తే ఆడడం లేదు. నా పక్కన కడ్డీ మీద ఇంకో నాలుగు చేతులున్నాయి, ఏది నాదో ఎవరికీ తెలియదు.

మేమెక్కిన బండి ఆసుపత్రికి ఎదురు వైపు చివరి స్టాపు దాకా వెళ్లి, అక్కడ తిరిగి మళ్లీ మా మలుపు మీదుగానే వస్తుందట. మేం అవతలి వైపు వెళ్లాలి. నాకదేమీ తెలియలేదు. ఏడాదిన్నరగా గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణి, లోపలుంటే ఎటు వెళ్తోందో తెలియక, "ఇటేనా మాష్టారూ?" అని అడిగాను. "ఎక్కేముందు అడగాలిరా. ఒక చుట్టు తిరిగొస్తుంది, కూర్చో. టైముంది, లెక్క చూసే ఎక్కాను" అన్నారు.

అలా నా వీధిని కిటికీలోంచి చూశాను. కూరలాయన చూడకుండా పక్కకి జరిగాడు. అద్దాలాయన ఇద్దరు మనుషులతో నిలువెత్తు అద్దం మోయిస్తూ బండికి దారిచ్చి ఆగాడు. ఆ అద్దంలో మా బండంతా ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా నడిచి వెళ్లింది, అందులో నేనూ ఉన్నాను. కుక్క లైను మారింది. డ్రైవరమ్మ రెండు గంటలు కొట్టింది. కాళ్ల కింద నేల, ఒట్టేసి చెప్తున్నాను, దవడ మీద మంచి కత్తి నడిచినట్టు.

మలుపు వచ్చింది. నా గుమ్మం రెండు చేతుల దూరంలోకి వచ్చింది. లోపల కుర్చీలో కొత్త కస్టమరు ఎవరో, మెడకి గుడ్డ కట్టుకుని నా కోసం చూస్తూ కూర్చున్నాడు. బల్ల మీద గ్లాసుడు నీళ్లు. పక్కన మా ఆవిడ, చేతులు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. నా వంక చూసింది. కస్టమరుకి గ్లాసు చూపించింది.

మోకాలు ఎత్తింది.